మెట్ల మీద పడలేదు

టైర్ల షాపు నడిపే ఆమెను బజారంతా మెట్లక్క అంటారు. వయసులో ఉన్నప్పుడు కుస్తీలో ఆమె పట్టు పట్టిందంటే విడిపించుకున్నవాళ్లు లేరు. ఫైనల్‌కి ముందురోజు మెట్ల మీంచి పడి మోకాలు విరగ్గొట్టుకుందని పేపర్లో పడింది. దాంతో ఆట పోయి, ఆ పేరు మిగిలింది.

అసలు మెట్లూ లేవు, పడడమూ లేదు. బరువు అరకిలో ఎక్కువుందని కోచే ఇనుప రాడ్డు తీసుకుని మోకాలి చిప్ప మీద కొట్టాడు. పేపరువాళ్లకి మెట్ల కథ అల్లి చెప్పిందీ ఆయనే. ఆమె నోరు విప్పబోతే, గురువు మీద నిందలేస్తావా అని పుట్టింటివాళ్లే నోరు నొక్కేశారు. అరవై దాటాక ఆమెకు మిగిలిన కోరిక ఒక్కటే. జరిగింది జరిగినట్టు జనం వినాలి.

అందుకే, పాత ఆటగాళ్ల కథలను వీడియోలుగా తీసే మరిది ఫోను పట్టుకుని వస్తే, కాదనకుండా టైరు మీద కూర్చుంది.

"కాస్త నవ్వు వదినా. పంచరు వేసే మొహం పెట్టకు."

"పంచర్లు వేసేదాన్ని, ఇంకే మొహం తెచ్చేదయ్యా?"

"సరే, కళ్లు మూసుకో. నీకో సర్‌ప్రైజు."

తెరిచేసరికి ఎదురుగా కోచ్. డెబ్బై అయిదు దాటినా దున్నపోతులా ఉన్నాడు. చేతిలో పూలగుత్తి. ఇద్దరూ కావలించుకుని ఏడిస్తే వీడియో లక్షలమంది చూస్తారని మరిది ఆశ. పాపం, అతనికి తెలిసింది పేపర్లో కథే.

"ఏమ్మా, మెట్లు చూసుకుని దిగుతున్నావా?" కోచ్ పకపకా నవ్వాడు.

ఆమె లేచింది. "ఆ మెట్లెక్కడున్నాయో మా మరిదికి చెప్పండి సార్."

"పాతవి తవ్వకు."

"రాడ్డుతో కొట్టానని ఒక్క ముక్క చెప్పండి. పూలు కూడా వద్దు."

ఆయన మొహం జేవురించింది. చెంప మీద ఛెళ్లున కొట్టాడు. "పొగరు దిగలేదే నీకు!"

పెదవి చిట్లి రక్తం కారింది. రెండో దెబ్బకి ఎత్తిన చెయ్యి కిందికి దిగలేదు.

ఆ మణికట్టు దొరకబుచ్చుకుని, వీపు వెనక్కి మెలితిప్పి, చెయ్యి వదలకుండానే మనిషిని టైర్ల దొంతర మీదికి తోసింది. దొంతర కూలింది. ట్యూబులు ముంచే నీళ్లతొట్టి బోర్లాపడింది. ఆయన కిందనుంచే కాలు విదిల్చి తన్నాడు, చెడిపోయిన మోకాలి మీదే, చూసి మరీ. ప్రాణం కళ్లలోకి వచ్చినా ఆమె పట్టు సడలలేదు. ఆయన మొహాన్ని తడి సిమెంటుకేసి రుద్ది, చేతిని ఇంకాస్త పైకి నెట్టింది. భుజం టక్కుమంది. షాపు దద్దరిల్లేలా అరిచాడు.

"వదినా, చచ్చూరుకుంటాడు, వదిలెయ్!"

"నువ్వాగు. దేంతో కొట్టారు సార్?"

"రాడ్డు... రాడ్డుతోనే!"

"మెట్లు?"

"లేవు! నేనే పుట్టించాను! వదలవే తల్లీ!"

ఆమె వదిలేసి, గుండెల నిండా గాలి పీల్చుకుంది. మరిది వైపు తిరిగింది. "అంతా వచ్చిందా?"

మరిది గోడకి బల్లిలా అతుక్కుని ఉన్నాడు. "సారు నిన్ను కొట్టగానే... కాళ్లూ చేతులూ ఆడక... ఆపేశాను వదినా."

ఆమె నోట్లో రక్తం ఉమ్మేసింది. గుమ్మం వైపు పాకుతున్న కోచ్‌ని కాలరు పట్టి ఈడ్చుకొచ్చి టైరు మీద కూర్చోబెట్టింది. బాగున్న రెండో చేతి మణికట్టు చుట్టూ వేళ్లు బిగించింది.

"ఆన్ చెయ్యి. సార్, మొదట్నుంచీ చెప్పండి."