కట్టేసిన చుక్కలు

మధ్యాహ్నం రెండింటికి తన ఈస్టు ప్లేట్లు పారేస్తారని తెలిసి అక్క ఒంటికాలి మీద లేచింది. ల్యాబులో చిన్నా పెద్దా అందరికీ ఆమె అక్కే. ఒక్క జన్యువు తీసేసి, ఎనిమిది నెలలు కంటికి రెప్పలా పెంచిన రకం అది.

రొట్టె పిండిని పులియబెట్టే ఈ ఈస్టు తిండి కరువైతే బీజాలు కడుతుంది. ఆ వేళ కణంలోని ప్రతి క్రోమోజోమూ తన జోడీని వెతుక్కోవాలి. కూర్చున్నచోటికి జోడీ నడిచి రాదు. క్రోమోజోముల కొనలు కేంద్రకం పొరకు అంటుకుని ఉంటాయి. పొర బయటి తాళ్లు ఆ కొనలను ఈడ్చిపారేస్తుంటే లోపల ఒకటే పరుగులు. ఒకదానికొకటి తగులుతాయి, కాదనుకుంటే విడిపోతాయి, సరైన తోడు దొరికాక ఒద్దికగా నిలుస్తాయి. అక్క రకంలో తాడుకూ కొనకూ మధ్య ఉండే కొక్కెం లేదు. అందుకే పరుగు లేదు, జోడీ కుదరడం ఆలస్యం. మామూలు ఈస్టులోనూ తన రకంలోనూ ఒక జతకు ఆకుపచ్చగా వెలిగే గుర్తులు తగిలించి, ఆ రెండు చుక్కలూ ఒకటయ్యేదాకా మైక్రోస్కోపు కింద వీడియోలు తీసింది.

ల్యాబు నడిపే సారు చేతిలోని కాగితం మాత్రం మామూలు ఈస్టుకూ దీనికీ కదలికలో తేడా లేదంటోంది. అందుకే ప్లేట్లు పారేయమన్నారు.

"తేడా లేదని ఎవరన్నారు సార్?"

"కంప్యూటరు అందక్కా," అన్నాడు ఇస్త్రీ. వీడియోల లెక్కలు చూసేవాడు. దేనిలోనూ మడత ఉండనివ్వడు కాబట్టి ఆ పేరు పడింది. "నీ వీడియోల నిండా వణుకే. సాపు చేసి కొలిచా."

"ఎట్లా సాపు చేశావు?"

"ఏముందీ? ఒక్కో చుక్క చుట్టూ చదరం కత్తిరించి, ప్రతి ఫ్రేములోనూ చుక్కను నడిమికి లాగి పెట్టా. ఎంత కుదురుగా ఉందో చూడు."

అక్క తెర మీదికి వంగి చూసింది.

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది! గుర్రాన్ని గుంజకు కట్టేసి, పరుగెత్తడం లేదని రాస్తావా?"

"ఆ వణుకు బల్ల ఊగి వచ్చి ఉంటుందమ్మా," అన్నారు సారు తలెత్తకుండా.

అక్క మామూలు ఈస్టుది, ఇస్త్రీ పడని వీడియో తీసి, తెరను ఆయన ముఖానికి తిప్పింది. ఒక కణంలో చుక్కలు రెండూ కాలుగాలిన పిల్లుల్లా తిరుగుతున్నాయి. దాన్ని ఆనుకునే ఉన్న మరో కణం ఇంకా బీజాల పని మొదలుపెట్టలేదు. దాని చుక్కలు దాదాపు ఉన్నచోటే ఉన్నాయి.

"బల్ల ఊగితే పక్కిల్లు కూడా ఊగాలి కదా సార్? ఈ ఇల్లొక్కటే ఊగిందా? ఇదిగో, ఇది నా రకం. చూడండి, అలిగి కూర్చున్నట్టు కదలవు. ఇది తేడా కాదా?"

సారు కళ్లజోడు సర్దుకుని రెండూ మళ్లీ చూశారు.

"ఈ ముక్క ముందే చెప్పొచ్చుగా?"

"మూడుసార్లు చెప్పా. మొదటిసారి నన్ను కళ్ల డాక్టరు దగ్గరికి పొమ్మన్నారు. రెండోసారి బల్ల కింద రబ్బరు ముక్కలు పెట్టించారు. మూడోసారి ఇతన్ని పెట్టారు."

ఇస్త్రీ గొంతు సవరించుకున్నాడు. సారు కాసేపు కాగితంతో విసురుకున్నారు.

"సరే, ప్లేట్లు ఉంచండి. సాయంత్రానికి ఇతనే మళ్లీ లెక్క..."

"ఇతనొద్దు సార్. మళ్లీ ఇతని చేతికిస్తే ఈసారి కణాలకే గంజి పెడతాడు. ఫ్రేము ఫ్రేముకీ నేనే కొలుస్తా. లేవయ్యా!"

ఇస్త్రీ సారు వంక చూశాడు. సారు కిటికీ వంక చూశారు. ఇక లేవక తప్పలేదు. కుర్చీ వేడి ఆరకముందే అక్క కూర్చుని, అతను కత్తిరించిన చదరాలన్నీ చెరిపేయడం మొదలుపెట్టింది.