రెండు రైట్లు

డ్రైవరు తన ముక్కులోనే బస్సు నడుపుతున్నాడు.

అది తన ముక్కేనని మత్తులోనూ అతనికి తెలుసు. పొద్దున డాక్టరమ్మ బొమ్మ గీసి చూపించింది. "పైకి కోతా కుట్లూ ఏమీ ఉండవు. ముక్కులోంచి సన్నటి కెమెరా గొట్టం పంపి, మెదడు అడుగున కంటినరాలని నొక్కుతున్న గడ్డని తీసేస్తాం."

"మా బావది అసలే ముక్కుసూటి వ్యవహారం. మీదీ అదే రూటన్నమాట!" అన్నాడు కండక్టరు. భార్య తమ్ముడు. పదిహేనేళ్లుగా ఇద్దరిదీ ఒకే బస్సు.

"నోర్మూసుకోరా," అన్నాడు డ్రైవరు.

ఆ గడ్డ వల్ల అతనికి నిజంగానే ముక్కుసూటిగా తప్ప కనబడడం లేదు. రెండు పక్కలా ఎవరో తెరలు దించేసినట్టు చీకటి. బస్సు డిపో గేటుకి రాసుకున్న రోజున తాళాలు తనే ఇచ్చేశాడు. చూపు రాకపోతే ఇక స్టీరింగు ముట్టేది లేదు.

ఇప్పుడు మాత్రం నడుపుతున్నాడు. గులాబీరంగు సొరంగం. గోడలు తడితడిగా ఊపిరి తీస్తున్నాయి. ఒకటే హెడ్‌లైటు. సైడద్దాలు రెండింటిలోనూ చీకటి. చివర గుడ్డుపెంకంత పల్చటి ఎముక తలుపు. తెరుచుకుంది. అవతల, డాక్టరమ్మ బొమ్మలోని కంటినరాల్లాగే, రెండు తెల్లటి రోడ్లు ఒకచోట కలిసి, మళ్లీ విడిపోతున్నాయి. కింద నుంచి బూడిదరంగు మబ్బు వాటిని పైకెత్తేసింది. ఎవరో ఆ మబ్బుని చెంచాతో కొంచెం కొంచెంగా తోడేస్తున్నారు. రోడ్లు మెల్లగా కిందికి దిగాయి. ఎడమ అద్దంలో ఏదో మెరిసింది. వెనక నుంచి కండక్టరు కేక: "రైట్... రైట్!"

మెలకువ వచ్చింది. ముక్కు నిండా దూది. నాలుక పిడచకట్టుకుపోయింది.

"నా ముక్కే చూడండి. కళ్లు తిప్పొద్దు. వేలు కనబడగానే చెప్పండి," అంటోంది డాక్టరమ్మ.

అతని ఎడమ పక్క నుంచి వేలు బయల్దేరింది. చీకటి. ఇంకా చీకటి. అంచున ఏదో కదిలింది, అద్దంలో దూరంగా వచ్చే స్కూటరులా.

"రైట్," అన్నాడు బొంగురుగా.

డాక్టరమ్మ మొహం వాడిపోయింది. "వేలు ఎడమ పక్కనుందండీ."

"రైట్... రైట్."

మంచానికి ఎడమ పక్క నిలబడ్డ కండక్టరు ఎగిరి గంతేశాడు. "బస్సెక్కి ఎన్నాళ్లయింది డాక్టరమ్మా? ఆ మాటకి కుడి అని కాదు! పక్కలు చూసుకున్నాం, బండి కదలొచ్చని!"

డాక్టరమ్మ నవ్వుతూ వేలు ఇంకా దూరం జరిపింది. "ఇప్పుడు?"

"కనబడుతోంది. దాని వెనక మావాడి ఏడుపు మొహం కూడా."

"నన్ను చూడకు బావా," అన్నాడు కండక్టరు కళ్లొత్తుకుంటూ.

"చూడ్డం లేదురా." డ్రైవరు చూపు డాక్టరమ్మ ముక్కు మీదే ఉంది. "కనబడుతున్నావు. అంతే."