గీతిక ఎడమవైపు శృతి

రోజూ తొమ్మిదింటికల్లా గీతిక ఫిల్మ్ నగర్‌లోని డబ్బింగ్ థియేటర్‌కి వచ్చేది. అద్దం అవతల సౌండ్ ఇంజనీర్ జంగయ్య హెడ్‌ఫోన్లు తగిలించుకుని, ముందుగా ఆమె ఎదలోంచి వచ్చే తంబూరా నాదాన్ని మిషన్లో వడకట్టేసేవాడు. ఆ తర్వాతే రికార్డింగ్.

పన్నెండేళ్ల కిందట, హీరోయిన్ వేషం ఖాయమని ఎవరో అంటే నమ్మి, గీతిక రొమ్ముల్లో సిలికాన్ ఇంప్లాంట్లు పెట్టించుకుంది. వేషం రాలేదు. కుట్లు మానిన రోజు నుంచి అవి రెండూ ఒకే శృతిలో సన్నగా మోగడం మొదలుపెట్టాయి. జూబ్లీ హిల్స్‌లో ఆమె పక్క ఫ్లాట్ శారదాదేవి గారు గోడకి చెవి ఆనించి ఆ శృతితోనే సంగీతం సాధన చేసేవారు. లిఫ్టులో విన్నవాళ్లు, "మీరా! నా ఫోనేమో అనుకున్నా" అని నవ్వేవారు.

ఆ సోమవారం పెద్ద సినిమా మొదలైంది. నాయిక మాటలన్నీ గీతికవే. రెండో సీన్ మధ్యలో జంగయ్య చెయ్యెత్తి ఆపాడు.

"గీతికమ్మా, ఎడమ దిక్కు శృతి దిగింది."

"జలుబు చేసిందేమో అన్నా."

"గొంతు కాదమ్మా, లోపలిది. కుడిది సక్కగనే ఉంది. పన్నెండేండ్ల సంది వింటున్న, నాకు తెల్వదా?"

గీతిక బాత్‌రూమ్‌లోకి వెళ్లి తడిమి చూసుకుంది. నొప్పి లేదు, గడ్డ లేదు, ఆకారం మారలేదు. తిరిగొచ్చి మైకు ముందు నిలబడింది. "ఏం లేదన్నా. ఈ పది రోజుల పనీ కానీ."

"డాక్టర్‌కి చూపిచ్చుకొని ఎన్నేండ్లయింది?"

గీతిక స్క్రిప్టు కాగితాలు తిరగేసింది. ఇవి జీవితాంతం ఉండేవి కావనీ, ఏ బాధా లేకపోయినా అయిదారేళ్లకి ఒకసారి, ఆ తర్వాత రెండు మూడేళ్లకోసారి స్కాన్ చేయించుకోవాలనీ సర్జన్ అప్పుడే చెప్పాడు. మొదట తీరిక లేకపోయింది. తర్వాత ఏం చెబుతారోనని భయం పట్టుకుంది.

జంగయ్య వెనక కూర్చున్న ఆ సినిమా నిర్మాత రాఘవేంద్ర గడియారం చూసుకున్నాడు. "ఈ వారం పని సాగకపోతే వేరే అమ్మాయిని పిలవాలమ్మా, ఏమనుకోకు."

జంగయ్య హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టేశాడు. "పిలుసుకోండ్రి సార్. ఈ అమ్మ స్కాన్‌కి పోయిందాంక నేను మాత్రం రికార్డు చెయ్య."

గీతికకి కోపమొచ్చింది. ఆ కోపంతోనే కారు తీసి ఆసుపత్రికి వెళ్లింది.

ముందు అల్ట్రాసౌండ్, ఆ పైన ఎమ్మారై. డాక్టర్ వందన బొమ్మ చూపించింది. "ఎడమది చిట్లిందండీ. జెల్ ఇంకా చుట్టూ ఉన్న పొర దాటలేదు. ఇలా చిట్లినా చాలామందికి ఏమీ తెలీదు. మీకెలా అనుమానం వచ్చింది?"

"మా ఇంజనీర్ విన్నాడండీ."

"మంచి చెవి," అంటూ డాక్టర్ కాగితం మీద అదే రాసుకుంది. "రెండూ తీసేద్దాం. కొత్తవి పెట్టమంటారా?"

గీతిక రెండు రోజులు ఆలోచించుకుని వద్దంది.

సినిమా వేరే గొంతుకి వెళ్లిపోయింది. ఒక సాయంత్రం గీతిక కూర్చుని ఏడ్చింది కూడా. ఆపరేషన్ బాగా జరిగింది. పరీక్షకి పంపిన పొరలో చెడ్డదేమీ లేదని రిపోర్టు వచ్చింది. రెండు నెలలకి డాక్టర్ సరేనన్నాక, పన్నెండేళ్లలో మొదటిసారి గీతిక బోర్లా పడుకుంది. లేచేసరికి మధ్యాహ్నం. ఆకలి నకనకలాడుతుంటే రెండు ప్లేట్ల ఇడ్లీ తిని, ఒక్కతే గట్టిగా నవ్వుకుంది.

కబురు ఎలా పాకిందో గానీ, ఒక శనివారం పొద్దున థియేటర్ వరండాలో ఇంప్లాంట్లున్న ఆడవాళ్లు బారులు తీరారు. ఒక సీరియల్ అత్తగారు, ఇద్దరు యాంకర్లు, నల్ల కళ్లద్దాలు పెట్టుకున్న ఓ నిర్మాత భార్య. ఒక్కొక్కరిదీ ఒక్కో శృతి. మొదట సిగ్గుపడ్డా, ఒకరి తర్వాత ఒకరు మైకు ముందు కూర్చున్నారు. జంగయ్య కళ్లు మూసుకుని విన్నాడు.

"మీది మంచిగనే పలుకుతుందమ్మా. కానీ నా చెవిని నమ్ముకొని ఇంట్ల కూసోకుండ్రి. స్కాన్ చేయించుకోండ్రి."

వరండాలో గీతిక ఒక్కొక్కరినీ నిలేసింది. "మీకెన్నేళ్లయింది? ఏ కంపెనీవో రాసిచ్చిన కార్డు ఉందా? లేకపోతే ఇవాళే ఆపరేషన్ చేసిన ఆసుపత్రికి ఫోన్ చెయ్యండి."

పదకొండింటికి నలుగుర్నీ తన కార్లో ఎక్కించుకుని స్కానింగ్ సెంటర్‌కి బయలుదేరింది. నాలుగు శృతులూ కలవక ఒకదాన్నొకటి కసురుకుంటుంటే, షేక్‌పేట ఫ్లైఓవర్ దిగేదాకా కారులో నవ్వులు ఆగలేదు.