కోడి కాలేయం పట్టిక

గైడు పరంధామయ్య నివేదిక ఏడో పేజీ మీద అడ్డంగా ఎర్రగీత గీసి, కాగితాల కట్టను మునిలక్ష్మి ముందుకు తోశాడు.

"ఈ పట్టిక తీసేసి మళ్లీ టైపు చేయించుకోని రా. మదరాసు కంపెనీ వాళ్లు బేస్తవారం వస్తా ఉండారు."

మునిలక్ష్మికి ఒళ్లంతా మండింది. ఆ ఒక్క పేజీ కోసం ఆమె పద్నాలుగు నెలలు మదరాసుకు తిరిగింది.

అది ఎనభై అయిదో సంవత్సరం. అలిపిరి రోడ్డులో ఉన్న ఆ చిన్న పరిశోధన కేంద్రంలో కంప్యూటర్ లేదు, మదరాసుకు పోవాల్సిందే. రెండు వారాలకోసారి ఆమె ప్రోగ్రాం కోసం రంధ్రాలు పొడిచిన కార్డుల పెట్టెను ఒళ్లో పెట్టుకుని పొద్దున రైలెక్కేది. కొన్నిసార్లు కంప్యూటర్ మీద ఆమెకు ఇచ్చిన గంటను జీతాల లెక్కలకు వాడేసుకునేవాళ్లు. ఖాళీ చేతులతో తిరిగొచ్చేది. ఒకసారి స్టేషన్లో పెట్టె జారి, వెయ్యికి పైగా కార్డులు చెల్లాచెదురయ్యాయి. జనం తొక్కుకుంటూ పోతుంటే ప్లాట్‌ఫాం మీదే కూర్చుని నంబర్ల ప్రకారం పేర్చుకుంది.

ఆమె చేసిన పని చెప్పుకోవడానికి తేలికే. చాలా ప్రోటీన్లలో ఒక గుంత ఉంటుంది. మందు అందులో దూరి కూర్చుంటే ఆ ప్రోటీన్ పని ఆగిపోతుంది. కంపెనీ తయారుచేసిన కొత్త మందు ఒక రోగక్రిమి ప్రోటీన్ గుంతలో చక్కగా కూర్చుంటోంది. అలాంటి ప్రోటీనే మనిషి ఒంట్లోనూ ఉంది. దాని గుంత కూడా ఇలాగే ఉంటే, క్రిమితో పాటు మనిషికీ దెబ్బే. మునిలక్ష్మి గుంత చుట్టూ ఉన్న పంతొమ్మిది పరమాణువుల మధ్య దూరాలన్నీ కొలిచి, ఒక గుంతను ఇంకో గుంతతో పోల్చే ప్రోగ్రాం రాసింది. మనిషి ప్రోటీన్ ఆకారం అప్పటికి దొరకలేదు కాబట్టి కోడి కాలేయం ప్రోటీన్‌ను తీసుకుంది. పంతొమ్మిదిలో పదహారు పరమాణువులు అచ్చంగా సరిపోయాయి. మందు అంటుకునే చోట్లన్నీ ఆ పదహారులోనే ఉన్నాయి.

"కొట్టేస్తే ఎట్ట సార్? ఇదే కదా అసలు సంగతి!"

"కోడిని పెట్టుకోని మనిషి గురించి మాట్లాడతావా? నవ్వుతారు."

"మనకు దొరికినవాట్లో మనిషికి దగ్గరది కోడిదే సార్."

"క్రిమి ప్రోటీన్‌లో, మనిషి ప్రోటీన్‌లో అమైనో ఆమ్లాల వరస సూడు. నూటికి డెబ్భై పాళ్లు తేడా ఉండాది. అది రాస్తే సాలు." ఆయన గొంతు తగ్గించాడు. "ఈ కంపెనీ సాయం ఆగిపోతే ఈడ నలుగురికి పని ఉండదు. నీక్కూడా."

మునిలక్ష్మి కాగితాలు తీసుకుని బయటికొచ్చింది. కాణిపాకం పక్క పల్లెలో వాళ్ల నాయన ఒక్కడే సేద్యం చేసుకుంటూ ఆమెను ఇంతదాకా చదివించాడు. సార్‌తో గొడవ పడితే ఆ చదువంతా ఏమవుతుందో ఆమెకు తెలుసు. అందుకే పట్టిక తీసేసి టైపు చేయించింది. ఆ పని చేసినందుకు తన మీద తనకే కోపమొచ్చి ఆ రాత్రి అన్నం ముట్టలేదు.

బేస్తవారం కంపెనీ తరఫున దేవనాథన్ వచ్చాడు. జుట్టు నెరిసిన రసాయన శాస్త్రవేత్త, మెల్లగా మాట్లాడే మనిషి. పరంధామయ్య గంటసేపు ప్రసంగించాక ఆయన ఒకటే అడిగాడు.

"ఈ మందు మనిషి ప్రోటీన్‌ని ముట్టదని నమ్మకమేనా సార్?"

"ముట్టదండి. రెండింటి వరస పోల్చి సూసినాం. బాగా తేడా ఉండాది."

మునిలక్ష్మి ఎప్పుడు లేచి నిలబడిందో ఆమెకే తెలియలేదు.

"వరస తేడానే సార్. గుంతలో తేడా లేదు."

"కూర్చో," అన్నాడు పరంధామయ్య.

ఆమె కూర్చోలేదు. నల్లబల్ల దగ్గరికి నడిచి ఆ పదహారు పరమాణువుల మధ్య దూరాలను, రెండు గుంతలవీ పక్కపక్కనే, గుర్తున్నవి గుర్తున్నట్టు రాసేసింది. చేతిలో సుద్దముక్క రెండుసార్లు విరిగింది. దేవనాథన్ కళ్లద్దాలు సరిచేసుకుని బల్ల దగ్గరికే వచ్చి చూశాడు.

"మందు ఇచ్చిన మా ఎలుకలకి నోరంతా పుండ్లు అమ్మా. రక్తంలో తెల్లకణాలు పడిపోయినాయి. మందులో కల్తీ ఉందేమోనని ఎనిమిది నెలలుగా వెతుకుతా ఉన్నాం. ఈ లెక్క ఎప్పుడు వచ్చింది?"

మునిలక్ష్మి నోరు తెరిచేలోగా పరంధామయ్య నవ్వుతూ ముందుకొచ్చాడు.

"అందుకేనండీ, కోడి ప్రోటీన్‌తో కూడా పోల్చి సూడమని ఈ పిల్లకు నేనే చెప్పినాను."

ఎర్రగీత గీసినప్పుడు వచ్చిన కోపం దీని ముందు ఏమీ కాదనిపించింది ఆమెకు.

"లేదు సార్. మీరు కొట్టేయమన్నారు. సోమవారం. నేను కొట్టేసినాను కూడా. తప్పు చేసినాను."

దేవనాథన్ తల దించుకుని బల్ల మీది అంకెలను తన పుస్తకంలోకి ఎక్కించుకున్నాడు.

సాయంత్రం పరంధామయ్య పిలిపించాడు. "నలుగురిలో నా పరువు తీసినావు."

"ఎలుకల తర్వాత ఆ మందు ఎవురికి ఇస్తారు సార్? మనుషులకే కదా! మీకు పరువు గుర్తుకొచ్చింది, వాళ్లు గుర్తుకు రాలేదా?"

మర్నాడే ఆమె ఉపకారవేతనం ఆగిపోయింది. అక్కడే పనిచేసే ఇంకో గైడు పెరుందేవి ఆమెను తన కింద చేర్చుకుంది కానీ, మొదటినుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది. పరిశోధన రెండేళ్లు వెనక్కి పోయింది. పగలు ఒక ట్యుటోరియల్ కాలేజీలో లెక్కలు చెప్పి, మిగతా వేళల్లో కార్డులు పొడుచుకుంది.

కంపెనీ ఆ మందును ఆపేసింది. సమయానికి హెచ్చరించినందుకు కృతజ్ఞతలంటూ వాళ్ల పెద్దల నుంచి ఉత్తరం వచ్చింది, పరంధామయ్య పేరు మీద. ఆయన దాన్ని నోటీసు బోర్డులో పెట్టించాడు. మునిలక్ష్మి చదివి, పెన్ను తీసి, కింద పెద్ద అక్షరాలతో రాసింది: "ఈ పని చేసింది నేను. కొట్టేయమన్నది ఈయన." సంతకం పెట్టింది.

గుమాస్తా కృష్ణమూర్తి హడలిపోయాడు. "ఏందమ్మా ఇది! సార్ సూస్తే?"

"సూడాలనే రాసినాను అన్నా."

మధ్యాహ్నానికి ఉత్తరం మాయమైంది. ఆమె దేవనాథన్‌కు నేరుగా జాబు రాసి ఎలుకల ఫలితాలు అడిగింది. ఆయన అన్నీ పంపాడు. పెరుందేవితో కలిసి రాసిన వ్యాసం ఎనభై ఎనిమిదిలో అచ్చుకు సిద్ధమైంది.

"కృతజ్ఞతల్లో పరంధామయ్య గారి పేరు ఒక్కటి వేద్దాం మునిలక్ష్మీ. మర్యాద కదా," అంది పెరుందేవి.

"వద్దు మేడమ్."

"ఇంకా కోపం పోలేదా?"

"పోలేదు మేడమ్. ఎందుకు పోవాల?"

ఆయన పేరు లేకుండానే వ్యాసాన్ని పోస్టులో వేశారు.