చేప కడుపులో ఎలుకలు

జ్వరం తగ్గి నెల దాటినా నాలుగేళ్ల టిల్లీకి తిండి సయించడం లేదు. ఏది పెట్టినా పెదవులు బిగించుకునేది. పోయినవారం మాత్రం, "నాన్న ట్రౌట్ పడితే తింటా" అంది. తల్లి రోనాకు ఆ మాటే దిక్కయింది. ఆ దేశంలో ట్రౌట్ చేపను అంగట్లో అమ్మరు, ఏటికి పోయి పట్టుకోవాల్సిందే. ఆమె భర్త ఫెర్గస్ ఎప్పటినుంచో ప్రతి ఆదివారం పోయేవాడు, ఎక్కువగా వట్టి చేతులతోనే వచ్చేవాడు.

ఈసారి ముగ్గురూ వెళ్లారు. మబ్బు పట్టి చలిగా ఉంది. ఫెర్గస్ నడుము లోతు నీళ్లలో నిలబడి, గాలానికి ఎరగా ఈకలతో కట్టిన దొంగ ఈగను విసురుతూనే ఉన్నాడు. రోనా పెనమూ వెన్నా ముందు పెట్టుకుని ఒడ్డున కూర్చుంది.

"మీ నాన్న చేపలకి ఈత నేర్పుతున్నాడే" అంది కూతురితో.

"వినపడుతోంది. నీ నోటికి ఉన్నవి కూడా పారిపోతాయి" అన్నాడతను వెనక్కి తిరక్కుండానే.

పొద్దు వాలుతుండగా గాలం కర్ర విల్లులా వంగింది. చేపను ఒడ్డుకు చేర్చడానికి చాలాసేపు పట్టింది. అది టిల్లీ కాలంత పొడవుంది.

"ఇది నాది. మొత్తం తినేస్తా" అంది టిల్లీ.

రోనా గబగబా పొయ్యి వెలిగించింది. వెన్న కరుగుతోంది. ఏం మేసిందో చూస్తే ఈసారి ఏ ఎర కట్టాలో తెలుస్తుందని ఫెర్గస్ ఎప్పటిలాగే కడుపు కోసి చూశాడు. లోపల ఒక్క పురుగూ లేదు. బొచ్చు తడిసి ముద్దయిన చిట్టెలుకలు, ఒకదాని మీద ఒకటి.

"అదీ సంగతి. అందుకే ఇంత బలిసింది" అని నవ్వబోయి ఆగిపోయాడు.

పొద్దున ఏటికి వచ్చే దారిలో గేటు దగ్గర బోర్డు ఇద్దరూ చదివారు. పై అడవిలో ఎలుకలకి విషం చల్లారని ఉంది దాని మీద.

"శుభ్రంగా కడిగి వేయిస్తే ఏం కాదే" అన్నాడు మెల్లగా. "అందరూ తింటూనే ఉన్నారు."

"అందరి పిల్లలూ దీనిలా ఉన్నారా?"

"నెలకి నోరు తెరిచి అడిగింది, రోనా."

"నాకు తెలీదా?"

ఆమె పొయ్యి ఆర్పేసింది. కుక్కలు తినకుండా కర్రతో గుంట తవ్వి చేపను పూడ్చింది. టిల్లీ ఏడవలేదు. చూస్తూ నిలబడి, మళ్లీ పెదవులు బిగించుకుంది. ఫెర్గస్ తిరిగి ఏట్లో దిగాడు. చీకటి పడేదాకా విసిరాడు. ఇంకేమీ తగల్లేదు.

కారులో రోనా రొట్టెముక్క ఒకటి పిల్ల చేతిలో పెట్టింది. పెట్టిందే గానీ అటు చూడలేదు. చూస్తే తినదని భయం.

ఇల్లు చేరి, నిద్రపోతున్న టిల్లీని ఎత్తుకోబోతే రొట్టె ఇంకా గుప్పిట్లోనే ఉంది. ఒక మూల చిన్నగా కొరికి ఉంది. రోనా దాన్ని దీపం కిందికి తెచ్చి, పళ్ల గుర్తులు వేలితో తడిమి చూసుకుంది.