పేడ కలిపిన గోడ

సోమవారం పొద్దున్న నేను గ్యాలరీ తలుపు తీసేసరికి చిత్రకారిణి దిసెబో గోడ నిలువునా బీటలు వారి ఉంది. ఇరవై అడుగుల పొడవున అలికిన మట్టి. మూలన పెద్ద పెచ్చు ఊడి నేల మీద ముక్కలైంది. ప్రదర్శన గురువారం సాయంత్రం.

నా పేరు తెబొహో. జొహానెస్‌బర్గ్‌లోని ఆ గ్యాలరీలో పద్దెనిమిదేళ్ళుగా బొమ్మలు తగిలిస్తున్నాను, దించుతున్నాను. ఏ బొమ్మ ఏ ఎత్తులో ఉండాలో కంటితోనే చెప్పగలను. ఊడిపోయే మట్టిని ఏం చెయ్యాలో మాత్రం నాకూ తోచలేదు. ఫోన్ చేస్తే దిసెబో పరుగున వచ్చి, గోడ ఎదురుగా చతికిలబడింది.

దిసెబో పుట్టింది ఫ్రీ స్టేట్ రాష్ట్రంలో, మొక్కజొన్న పొలాల మధ్య కూలీల ఇళ్ళలో. వాళ్ళమ్మని మా ఆచారం ప్రకారం కూతురి పేరుతో మాదిసెబో అంటారు. ఆమె ఏటా ఇంటి గోడలను ఎర్రమట్టీ పేడా కలిపి అలికి, తడి ఆరకముందే వేళ్ళతోనూ ఫోర్కుతోనూ చాళ్ళు గీసేది. దున్నిన చేనులా కనిపించే ఆ గీతల్ని మా సోతో జాతివాళ్ళం లితేమా అంటాం. వానలకు కొట్టుకుపోతాయి, మళ్ళీ గీస్తారు. దిసెబో చెయ్యి తిరిగింది ఆ గోడల మీదే. తరవాత నగరంలో చిత్రకళ చదవడానికి వస్తే, అక్కడి మాస్టారు ఆమె గీతలు చూసి, "ఇది ఇంటి అలంకరణమ్మా, కళ కాదు" అన్నాడట. ఆ మాట గుండెలో పెట్టుకుని ఏళ్ళ తరబడి కాన్వాసు మీద ఎవరెవరిలాగో రంగులు పూసింది. నలభై దాటాక మట్టి దగ్గరికి తిరిగొచ్చింది. ఆమె పేరు మీద ఇదే మొదటి పెద్ద ప్రదర్శన.

మా డైరెక్టర్ ఎలిజ్ మట్టికి ఒప్పుకుంది గానీ పేడకు ఒప్పుకోలేదు. వాసన, పురుగులు అంది. దిసెబో సర్దుకుని జిగురు కలిపింది. ఆ జిగురే కొంప ముంచింది.

ఎలిజ్ వచ్చి బీటలు చూసింది. "బాధపడకు దిసెబో. మట్టి గీకించేసి, నీ పాత కాన్వాసులు తగిలిద్దాం," అని తన గదిలోకి వెళ్ళిపోయింది.

దిసెబో స్పీకర్ పెట్టి తల్లికి ఫోన్ చేసింది.

"పేడ వెయ్యకుండా అలికావా?" అవతలి నుంచి అరుపు. "ఎవరు నేర్పారే నీకు?"

"వాళ్ళు వద్దన్నారమ్మా."

"వద్దంటే? అలికేది వాళ్ళా, నువ్వా? పక్కన ఎవరో ఉన్నట్టున్నారు, ఎవరది?"

"నేనమ్మా, తెబొహోని. ఇక్కడే పని చేస్తాను."

"బాబూ, నీకు బండి ఉందా? ఆవులెక్కడున్నాయో చూడు. రేపు నేనొస్తున్నా. మట్టి నేను తెస్తా."

ఆ రోజంతా నేనూ దిసెబో కలిసి పాత మట్టి గీకేశాం. మంగళవారం పొద్దున్నే నగర శివారు సొవేటో అంచున, వాగు పక్కన మేస్తున్న మంద దగ్గరికి బండి తోలాను. ఎందుకో చెబితే మంద యజమాని పగలబడి నవ్వాడు. "బొమ్మలు చూసేవాళ్ళకి ఇన్నాళ్ళకి తెలివొచ్చిందన్నమాట!" అని రెండు గోతాలు తనే నింపాడు.

మధ్యాహ్నం మాదిసెబో భుజాన కంబళితో, రెండు మూటల ఎర్రమట్టితో షేర్ టాక్సీ దిగింది. గోతాలు లోపలికి మోస్తుంటే ఎలిజ్ ఎదురొచ్చింది.

"అది పేడేనా? నేను వద్దని చెప్పాను కదా!"

దిసెబో తన తల్లిని దాటి ముందుకొచ్చి నిలబడింది. "పేడతో అయితేనే గోడ ఉంటుంది ఎలిజ్. లేదంటే ఖాళీ గోడ చూపించుకోండి. పాత కాన్వాసులు మాత్రం ఇవ్వను. వాటిలో నేను లేను."

ఇంతలో మాదిసెబో, తెల్ల రైతుల పొలాల్లో నేర్చుకున్న, ఎలిజ్ ఇంట్లో మాట్లాడే ఆఫ్రికాన్స్ భాషలో, తాపీగా అడిగింది. "అమ్మాయ్, మీదే ఊరు?"

"ఫ్రీ స్టేట్‌లోనే, క్రూన్‌స్టాడ్ దగ్గర. ఎందుకు?"

"పొలమేనా? మరి మీ అమ్మమ్మ వంటింట్లో నేల దేనితో అలికేవాళ్ళు?"

ఎలిజ్ మొహం ఎర్రబడింది. చివరికి నవ్వేసింది. "పేడతోనే. శనివారం శనివారం. నన్ను ఆ రోజంతా లోపల అడుగు పెట్టనిచ్చేది కాదు."

"వాసనొచ్చేదా?"

"ఆరాక... లేదు."

"మరింకేం, తప్పుకో తల్లీ. బరువుగా ఉన్నాయి."

బుధవారం తల్లీకూతుళ్ళు పేడమట్టితో గోడ అలుకుతూ చాళ్ళు గీశారు. సగం గోడ అయ్యాక మాదిసెబో వెనక్కి జరిగి మూతి విరిచింది. "నీ చాళ్ళన్నీ వంకర."

"అవి టాక్సీ దారులమ్మా. నేను ఈ ఊరొచ్చినప్పటి నుంచి తిరిగినవి."

మాదిసెబో ఆ గీతల వెంట చూపు నడిపించింది. తరవాత ఫోర్కు తీసుకుని, వంకర దారులకు ఆనుకునేలా తన తిన్నని చాళ్ళు గీసుకుంటూ వెళ్ళింది. అలాంటి గోడ నేనెన్నడూ చూడలేదు. నగరం చేను మధ్యలోంచి మొలిచినట్టుంది.

గురువారం సాయంత్రం ఒక్క బీట కూడా లేదు. ఖరీదైన బట్టలు కట్టుకుని వచ్చినవాళ్ళు గుమ్మంలోనే ఆగిపోయారు. పక్క భవనాల్లో ఊడ్చే ఆడవాళ్ళు, కాపలావాళ్ళు మా గ్యాలరీ అద్దాల తలుపు మొదటిసారి దాటారు. ఒకావిడ గోడ దగ్గరకు వెళ్ళి, ముట్టుకోకుండా గాలిలోనే వేలితో చాళ్ళు గీసింది. "మా అమ్మ గోడ," అంది నాతో, కళ్ళనిండా నీళ్ళతో.

ఫ్రీ స్టేట్ నుంచి వచ్చిన ఒక మ్యూజియం అధికారిణి దిసెబో చెయ్యి పట్టుకుంది. "మా కొత్త హాలుకి ఇలాంటి గోడ కావాలి. యాభై ఏళ్ళు చెక్కుచెదరకుండా పైన ఏదైనా పూత వేస్తారా?"

"వెయ్యను," అంది దిసెబో. "ఏటా వచ్చి మళ్ళీ అలుకుతాను. మా అమ్మతో, మా పల్లె ఆడవాళ్ళతో. గోడ పక్కన అందరి పేర్లూ రాయాలి, కళాకారులని."

ఆవిడ ఒక్క క్షణం ఆలోచించి, "రాస్తాం," అంది.

దిసెబో ఆ మాట తల్లికి సోతో భాషలో చెప్పింది. మాదిసెబో కంబళి నా చేతుల్లో పడేసి, నడిహాల్లోకి నడిచి, తలెత్తి ఒక్క కేక తీసింది. పెళ్ళిళ్ళలో ఆడవాళ్ళు నాలుక ఆడిస్తూ తీసే కేక. ఊడ్చేవాళ్ళంతా అందుకున్నారు. దిసెబో చెప్పులు విడిచి తల్లి పక్కన ఆడటం మొదలుపెట్టింది. ఎలిజ్ తప్పట్లు కొడుతూ ఆ వరసలో చేరి, ప్రతి అడుగూ తప్పే వేసింది.