రెండో స్టూలు

ఏ వంటింట్లోకి వెళ్ళినా వంకలమ్మ ముందు సొరుగులు లాగి చూసేది. తర్వాత కుళాయి తిప్పేది. గట్టు మీద మోచేతులు ఆనించి, ఎత్తు సరిపోయిందో లేదో చూసుకునేది. ఆపైన కెమెరా వైపు తిరిగి జడ్జిగా నోరు విప్పిందంటే, పాత వంటిళ్ళని కొత్తగా మార్చే ఆ టీవీ పోటీలో ఎంతటి డిజైనరుకైనా చెమటలు పట్టాల్సిందే. చందమామని తెచ్చి చేతిలో పెట్టినా మచ్చ ఉందనే రకం అని యూనిట్ వాళ్ళే ఆవిడకా పేరు పెట్టారు.

ఆవిడ మాటంటే వంటిళ్ళకి గురి. "ఇరుకు" అంటే గోడలు అప్పటికప్పుడు దగ్గరికి జరిగేవి. "వెలుతురు బాగుంది" అంటే కిటికీ ఇంకో జానెడు పెరిగేది. దగ్గరికొచ్చిన గోడ మాత్రం ఎంత బతిమాలినా మళ్ళీ వెనక్కి పోయేది కాదు. అందుకని డైరెక్టరు కెమెరా స్టాండ్లన్నీ గోడలకి ఎడంగా పెట్టించేవాడు. అంతకుమించి ఎవరూ దాన్ని పట్టించుకోలేదు.

ఇంటి దగ్గర ఆవిడది వేరే కథ. భర్త ఇంకో కాపురం పెట్టుకుని వెళ్ళిపోయిన కొత్తలో, ఓ పొద్దున పాలు కాచుకుంటూ, "ఇంకా వంటిల్లేమిటి నా మొహం, ఇది ఒంటరిదాని ఒంటిల్లు" అని పైకే అనేసింది. అన్నదే తడవు, గోడలు వచ్చేశాయి. ఇప్పుడక్కడ ఒక పొయ్యి, ఒక గిన్నె, ఆవిడ నిలబడేంత చోటు మిగిలాయి. వండింది గిన్నెలోంచే, నిలబడే తినేది. ఊరందరి వంటిళ్ళకీ తీర్పు చెప్పే మనిషిని "తిన్నావా" అని అడిగే దిక్కు లేదు.

ఆ రోజు షూటింగు, రైళ్ళలో గార్డుగా చేసి రిటైరైన ఒక పెద్దాయన ఇంట్లో. భార్య పోయి చాలా కాలమైంది, పిల్లల్లేరు. డిజైనరమ్మాయి ఆ మసి గదిని తెల్లటి పలకలతో, వీధివైపు కిటికీతో ముచ్చటగా మార్చేసింది. గట్టు ముందు రెండు ఎత్తు స్టూళ్ళు వేసింది.

"ఉండేది ఒక్కరే కదమ్మా, రెండో స్టూలెందుకు?" అంది వంకలమ్మ.

"సారే అడిగారు మేడమ్."

గార్డు గారు ముందుకొచ్చారు. "నేనే వెయ్యమన్నానండీ. ఎవరైనా వస్తే కూర్చోడానికి."

"ఎవరొస్తారు?"

"ఎవరూ రారనుకోండి. చోటుంటే వస్తారేమోనని."

ఈ ఒక్కసారికి ఏ వంకా పెట్టకూడదు, మెచ్చుకోవాలి అనుకుంది వంకలమ్మ. కెమెరా వైపు తిరిగి, నిండు మనసుతో, "చాలా చక్కటి ఒంటిల్లు" అంది.

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమంటారు. ఇంటి దగ్గర రోజూ నోట్లో నానే ఆ ఒంటిల్లు మాటే ఇక్కడా జారింది. గదికి ఆవిడ మనసుతో పనేముంది, మాట వింది, నాలుగు గోడలూ కదిలాయి. కెమెరావాళ్ళు అలవాటు కొద్దీ సామాను ఎత్తుకుని బయటికి నడిచారు. డిజైనరమ్మాయి కళ్ళనీళ్ళతో వాళ్ళ వెనకే పోయింది. గట్టు సగానికి కుదించుకుపోయింది. రెండో స్టూలు దానికీ గోడకీ మధ్య ఇరుక్కుని కటకటమంది.

"వంటిల్లు! వంటిల్లనబోయాను!" అని అరిచింది వంకలమ్మ. గోడ వింటేగా!

"మేడమ్ గారూ, కిటికీ పోతే పోనివ్వండి. ఆ స్టూలొక్కటి ఉండనివ్వండి." గార్డు గారు చేతులు జోడించారు.

ఇంక ఆలోచించడానికి వ్యవధి లేదు. ఆవిడ గబగబా వెళ్ళి ఆ స్టూలెక్కి కూర్చుంది. గోడ ఆవిడ మోకాళ్ళ దాకా వచ్చి ఆగింది. రెండో మనిషి కూర్చున్నది ఒంటిల్లెలా అవుతుంది మరి!

బయటినుంచి డైరెక్టరు పిలిచాడు. "షాటైపోయింది మేడమ్, రండి. ఇంకో ఇల్లుంది."

వంకలమ్మ ఒక కాలు కిందపెట్టింది. గోడ అంగుళం ముందుకొచ్చింది. కాలు మళ్ళీ పైకి తీసుకుంది.

"ఆ ఇల్లు మీరే చూసుకోండి. ఈ అమ్మాయికి మాత్రం నిండా మార్కులు వెయ్యండి. తప్పు నాది."

కాసేపటికి వీధిలో వ్యాను కదిలిన చప్పుడైంది. ఇంటికొచ్చిన మనిషిని ఊరికే కూర్చోబెట్టడం బాగుండదని, గార్డు గారు పెనం పెట్టి రెండు గుడ్లు కొట్టారు. చెరో పళ్ళెంలో వేసి, రొట్టె తుంచి పెట్టి, ఎదురుగా తన స్టూలు మీద కూర్చున్నారు. గది ఎంత ఇరుకంటే, పళ్ళేలు ఒకదానికొకటి తగులుతున్నాయి.

ఎదురుగా ఇంకో మనిషి తింటున్న చప్పుడు విని ఎన్నాళ్ళయిందో ఆవిడకి. ఏడుపు తన్నుకొచ్చింది. పరాయివాళ్ళింట్లో ఏడిస్తే ఏం బాగుంటుందని, నోటికి బాగా వచ్చిన పనే చేసింది.

"ఉప్పు తగ్గింది," అంది.

గార్డు గారు తన పళ్ళెంలోంచి ఓ ముక్క నోట్లో వేసుకుని, నిజమేనన్నట్టు తలూపారు.

"రేపు సరిగ్గా వేస్తాలెండి."